మా పార్కు కేసులో కౌంటరు ఎప్పుడు వేస్తారు? ప్రభుత్వ న్యాయవాదులకు ఒక పాత గుమస్తా బహిరంగ లేఖ

విశాఖపట్నం

విశాఖ కోర్టుల్లో ప్రభుత్వం తరఫున, ప్రభుత్వ సంస్థల తరఫున వాదిస్తున్న న్యాయవాదులకు, వాళ్లను నియమించే పెద్దలకు, వాళ్లకు ఫైళ్లు పంపాల్సిన అన్ని శాఖల అధికారులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను వకీలు గుమస్తాని. ఇరవై ఆరేళ్లు ఒకే ప్లీడరు గారి దగ్గర పనిచేశాను. ఆయన మొదట అసిస్టెంట్ గవర్నమెంట్ ప్లీడరు, తర్వాత గవర్నమెంట్ ప్లీడరు, ఆ తర్వాత చాలాకాలం రెండు మూడు ప్రభుత్వ సంస్థలకు స్టాండింగ్ కౌన్సిల్, అంటే వాటి కేసులన్నీ చూసే లాయరు. ఆయన పోయి నాలుగేళ్లయింది. పేరు రాయడం లేదు, పేపర్లో పేరు పడితే బతికున్నప్పుడే ఇబ్బంది పడే మనిషి. ఇప్పుడు నేను పని మానేసి మా కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్నాను. ఇన్నాళ్లూ కేసు కట్టలు మోస్తూ ఎక్కిన కోర్టు మెట్లే ఇప్పుడు కక్షిదారుగా ఎక్కుతున్నాను. రెండు వైపులా చూశాను కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు మా గోడు చెబుతాను. మా లేఅవుట్ నూట నలభై ప్లాట్లది. లేఅవుట్ వేసిన రోజుల్లో పార్కు కోసమని వదిలిన ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడు రాసి ఒక ప్రభుత్వ సంస్థకు అప్పగించారు. అంటే ఆ జాగా మాలో ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. కానుగ చెట్లు మేమే నాటుకున్నాం. మూడేళ్ల కిందట ఒకాయన సేల్ డీడు పట్టుకొచ్చి, అందులో ఆరు వందల గజాలు తనవని ఆ సంస్థ మీద దావా వేశాడు. అవతలి పక్షం రాకముందే ఇంటరిమ్ ఇంజక్షన్, అంటే తాత్కాలికంగా అడ్డుకునే ఉత్తర్వు వచ్చింది. అది తప్పని నేననను. అర్జెంటు అయితే కోర్టు ఇస్తుంది, చట్టంలో ఉంది. అలా ఇచ్చినప్పుడు ముప్పై రోజుల్లో ఆ పిటిషన్ తేల్చేయడానికి ప్రయత్నించాలని కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 39 రూల్ 3ఎ లో ఉంది. మా కేసులో ముప్పై రోజులు కాదు, మూడేళ్లయింది. ఎందుకంటే ప్రభుత్వం తరఫున కౌంటరే, అంటే ఆ పిటిషన్‌కు ఇవ్వాల్సిన రాతపూర్వక జవాబే పడలేదు.

పాత అలవాటు కొద్దీ ప్రతి వాయిదా నా డైరీలో రాసుకున్నాను. పందొమ్మిది వాయిదాలు. పదకొండు సార్లు "కౌంటరు కోసం". ఐదు సార్లు ప్రతివాది తరఫున పిలిస్తే పలికినవాళ్లు లేరు. రెండు సార్లు జడ్జి గారు సెలవు. ఒకసారి లాయర్లు విధులు బహిష్కరించిన రోజు. మమ్మల్నీ పార్టీలుగా చేర్చమని ఆర్డర్ 1 రూల్ 10 కింద పిటిషన్ వేసుకున్నాం. దానికీ కౌంటరు రాలేదు. ఈలోగా ప్రహరీ లేచింది. దాని పునాది మా వాన నీటి కాలవ మీదుగా పోయింది. మొన్న వానలకు చివరి వీధిలో తొమ్మిది ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అందులో ఒక ఇంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉన్నారు. ఆయన మంచం కాళ్ల కింద నాలుగు ఇటుకలు పెట్టి పైకెత్తాం. రాత్రంతా ఆయన కోడలు చీపురుతో నీళ్లు బయటికి తోస్తూనే ఉంది.

కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో మూడు సార్లు అర్జీ ఇచ్చాం. ఫైలు లాయరు గారి దగ్గరుందని జవాబొచ్చింది. లాయరు గారిని కలిస్తే ఆఫీసు నుంచి పేరావైజ్ రిమార్కులు, అంటే అవతలి వాళ్లు రాసిన ఒక్కో పేరాకీ ఆఫీసు చెప్పే జవాబు రాలేదన్నారు. సమాచార హక్కు కింద అడిగితే "కేసు కోర్టులో ఉంది" అని ఒక్క వాక్యం పంపారు. కేసు కోర్టులో ఉన్న సంగతి మాకు తెలుసు. మనిషే కోర్టులో లేడు. అన్ని తలుపులూ తట్టాక ఇక ఈ లేఖ రాయక తప్పలేదు.

నేను ఏ ఒక్క లాయరునో, ఏ ఒక్క ఆఫీసునో బజారుకీడ్చడానికి ఇది రాయడం లేదు, అందుకే పేర్లు పెట్టలేదు. ఈ పని ఎలా చేయవచ్చో నేను దగ్గరుండి చూశాను. అది చెప్పాలనే ఇదంతా.

మా ప్లీడరు గారి ఆఫీసు రూములో రెండు బీరువాలుండేవి. ఒకటి సొంత కక్షిదారులది, రెండోది ప్రభుత్వానిది. ప్రభుత్వ కట్టల్లో ప్రతిదాని పైనా ఒక తెల్ల కాగితం కుట్టించేవారు. కేసు నంబరు, తర్వాతి వాయిదా, ఏం దాఖలు చేయాలి, ఏ ఆఫీసులో ఏ గుమస్తా చూస్తున్నాడు, ఆ గుమస్తా ఫోన్ నంబరు. రిమార్కులు రాకపోతే ఆయన ఎదురుచూస్తూ కూర్చోలేదు. నన్నే పంపేవారు. పెందుర్తి, ఆనందపురం, భీమిలి మండలాఫీసులకు బస్సెక్కి వెళ్లి అడంగల్, ఎఫ్‌ఎంబీ, ఆర్‌ఎస్‌ఆర్ లాంటి భూమి రికార్డుల నకళ్లు తెచ్చేవాణ్ని. ఒకసారి ఒక చెరువు కేసులో ఒక అధికారి రికార్డులు లేకుండా ఒట్టి చేతులతో వచ్చి "మీరే ఏదోటి రాసేయండి సార్, సంతకం పెడతాను" అన్నారు. మా అయ్యగారు కలం మూసి టేబుల్ మీద పెట్టేశారు. "చెరువు మీది కాదండీ, నాది కాదు. ఏదోటి రాస్తే పోయేది ఊరి చెరువు. రేపు రికార్డుతో రండి, రాత్రి పన్నెండయినా కూర్చుంటాను" అన్నారు. ఆ అధికారి మర్నాడు వచ్చారు. నిజంగానే పన్నెండయింది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా ఆఫీసు కిటికీలు ఊడిపోయి రెండు బీరువాలూ తడిశాయి. గాలి తగ్గాక ఆయన ముందు తెరిపించింది ప్రభుత్వ బీరువానే. కాగితం కాగితం విడదీసి డాబా మీద పరిచి, ఎగిరిపోకుండా పెంకు ముక్కలు పెట్టాం. ఆ వారమంతా కరెంటు లేదు, తాగే నీళ్లకు ట్యాంకర్ దగ్గర లైను. అలాంటప్పుడు "ముందు మన కక్షిదారుల కాగితాలు ఆరబెడదాం సార్" అన్నాను. "వాళ్ల దగ్గర ఇంకో కాపీ ఉంటుంది. వీటికి దిక్కెవరు?" అన్నారు. ఆ నెలంతా సాయంత్రాలు వాళ్ల వీధిలో అరుగు మీద కూర్చుని, తడిసిపోయిన ఇంటి పత్రాలకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఎలా తీసుకోవాలో వచ్చినవాళ్లకల్లా చెప్పి దరఖాస్తులు రాసిచ్చారు. పైసా పుచ్చుకోలేదు. ఆ వీధి వాళ్లు ఆయన్ని సంఘం అధ్యక్షుణ్ని చేసింది ఆ తర్వాతే.

ఆయన రాసిన ఒపీనియన్లలో నాకు బాగా గుర్తున్న వాక్యం ఒకటుంది: "అప్పీలుకు తగిన కేసు కాదు." ప్రభుత్వం ఓడిపోయిన ప్రతిసారీ పైకోర్టుకు వెళ్లమని సలహా ఇస్తే ఫీజులు వస్తాయి. ఆయన అలా చేయలేదు. భూసేకరణలో పొలం పోయిన రైతుకి కింది కోర్టు న్యాయంగానే పరిహారం పెంచిందనుకుంటే అదే మాట రాసి పంపేవారు. పై అధికారులకు అది నచ్చని సందర్భాలున్నాయి. ప్రభుత్వం మారి ఆయన పదవి పోయిన సందర్భమూ ఉంది. పోయిన రోజు సాయంత్రం నాతో కట్టలన్నీ లెక్కపెట్టించి, తెల్ల కాగితాలు సరిచూసి, కొత్తగా వచ్చినాయన ఇంటికి ఆటోలో మేమే తీసుకెళ్లి ఇచ్చి సంతకం తీసుకున్నాం. మరునాటి కాల్ వర్క్‌లో, అంటే కోర్టు కేసులు పిలిచే వేళ, ఒక్క కేసూ దిక్కులేకుండా పోలేదు.

ఈ ఊరికి అలాంటి వకీళ్లు కొత్త కాదు. బీచ్ రోడ్డులో తెన్నేటి పార్కు పేరు పెట్టుకున్నది ఈ ఊరి వకీలు తెన్నేటి విశ్వనాథం గారి మీదే. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊరంతా లేచినప్పుడు ముందు నడిచిన మనిషి. వకీలు పేరున్న పార్కులో మన పిల్లలు ఆడుకుంటున్నారు. వకీలు రాక మా పార్కు పోతోంది.

ఇప్పుడు, కౌంటరు పడకపోతే, వాయిదాకు మనిషి రాకపోతే మామూలు జనానికి ఏమవుతుందో చెబుతాను. మీకు తెలియదని కాదు. జనం వైపు నుంచి ఒక్కసారి చూడమని.

1. ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. ఈ వెసులుబాటు మామూలు మనిషికి లేదు. ఆ నోటీసు వచ్చిన రోజే రికార్డు తీసి చూస్తే సగం తగవులు కోర్టు దాకా రావు. అర్జెంటని అనుమతి తీసుకుని నోటీసు లేకుండా వేసినా, రాతపూర్వక జవాబుకు ముప్పై రోజులు, మహా అయితే తొంభై రోజులు. ఆపైన కోర్టులు దయతలచి ఇస్తున్న గడువే. ఆ దయకు ఖరీదు కట్టేది ప్రహరీకి ఇవతల ఉన్నవాళ్లు. నా పొలం పోతే నేను లబోదిబోమంటాను. పార్కు పోతే, చెరువు గట్టు పోతే, శ్మశానం దారి పోతే ఏడ్చేందుకు హక్కుదారుడంటూ ఒకడు ఉండడు. ఆ హక్కుదారుడి స్థానంలో మీరు నిలబడ్డారు.

2. మనవాళ్లు రాకుండానే ఎక్స్‌పార్టే డిక్రీ అయిపోతే దాన్ని తీయించుకోవడానికి ముప్పై రోజులు. అప్పీలుకు జిల్లా కోర్టులో ముప్పై, హైకోర్టులో తొంభై. ఫైలు టేబుళ్ల మీద తిరిగి తిరిగి వచ్చేసరికి ఏడాది దాటుతుంది. ప్రభుత్వం కదా, ఆలస్యాన్ని క్షమించాల్సిందేనన్న ధీమాను సుప్రీంకోర్టు 2012లోనే తపాలా శాఖ కేసులో కొట్టేసింది. సరైన కారణం చూపకపోతే ప్రభుత్వానికీ మినహాయింపు లేదంది. అంటే కేసులో బలం లేక కాదు, తేదీ దాటి ఓడిపోతాం. మా పార్కు అలా పోతుందేమోనన్న టెన్షన్‌తో మూడేళ్లుగా సరిగా నిద్రలేదు.

3. పరిహారం కేసుల్లో సాగదీత ఇంకో రకం. భూసేకరణ పరిహారం కోర్టు పెంచితే, పెరిగిన సొమ్ము మీద స్వాధీనం చేసుకున్న మొదటి ఏడాదికి తొమ్మిది శాతం, ఆపైన పదిహేను శాతం వడ్డీ చట్టంలోనే ఉంది. ఫ్యాక్టరీలకూ రోడ్లకూ ఊళ్లకు ఊళ్లే భూములిచ్చిన జిల్లా మనది. ఒక్కో వాయిదాకీ ఖజానా మీద వడ్డీ పెరుగుతుంది, అవతల రైతు ముసలివాడైపోతాడు. డబ్బు చేతికొచ్చేసరికి తండ్రి పోయి, కొడుకులు వారసత్వ సర్టిఫికెట్ కోసం ఇంకో కోర్టు చుట్టూ తిరగడం నేను ఎన్నిసార్లు చూశానో. రెండు పక్కలా నష్టమే.

4. క్రిమినల్ కోర్టు సంగతి నాకు తక్కువ తెలుసు, వరండాలో చూసింది చెబుతాను. పాడేరు వైపు నుంచి సాక్షిగా ఒకామె వచ్చింది. నూరు కిలోమీటర్ల పైనే. తెల్లారకముందే బయల్దేరి, చంకలో బిడ్డతో. ఆ రోజు ప్రాసిక్యూటరు గారు ఇంకో కోర్టులో ఉన్నారు, వాయిదా పడింది. రెండోసారీ అంతే. రెండు రోజుల కూలి పోయింది. మూడోసారి ఆమె రాలేదు. ఆమెను తప్పుపట్టే హక్కు ఎవరికుంది?

5. చిన్న కాలవ, వీధి దీపం, తాగునీరు లాంటి తగాదాలకు శాశ్వత లోక్ అదాలత్ ఉంది. 1987 లీగల్ సర్వీసెస్ చట్టానికి తర్వాత చేర్చిన సెక్షన్ 22బి కింద ఏర్పాటైనదే. కోర్టు ఫీజు లేదు. అక్కడికి ప్రభుత్వం తరఫున నిర్ణయం తీసుకోగల మనిషి రావాలి. జూనియర్ వచ్చి "ఇన్‌స్ట్రక్షన్స్ లేవు" అంటే పేదవాడికున్న ఆ ఒక్క దారీ మూసుకుపోయినట్టే.

మీ కష్టాలూ నాకు తెలుసు. ఒక్కో గవర్నమెంట్ ప్లీడరు చేతిలో వందల కేసులు. స్టెనో లేడు, సొంత ఖర్చుతో టైపు చేయించుకోవాలి. ఫీజు బిల్లులు పట్టుకుని నేనే ట్రెజరీ చుట్టూ నెలల తరబడి తిరిగాను. ఒక ఏడాది అయ్యగారి అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి స్కూటరు అమ్మేశారు, ఆయనకు రావాల్సిన బిల్లులు అప్పటికి ఎక్కడో ఆడిట్‌లో ఉన్నాయి. ఇలా పెట్టి మంచి పని చేయమనడం న్యాయం కాదు. అందుకే మా డిమాండ్లలో మీ కోసం అడిగేవీ ఉన్నాయి.

మేము కోరేవి ఇవి.

1. నియామకాలు అర్హత చూసి, అందరికీ తెలిసేలా జరగాలి. ఎన్ని కేసులున్నాయో, ఎంతమంది లాయర్లు కావాలో ముందు లెక్కగట్టి, ప్రతిభ చూసి తీసుకోవాలని పంజాబ్, హర్యానాల కేసులో సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. మిగతా రాష్ట్రాలూ తమ పద్ధతి మార్చుకుంటే మంచిదని అందులోనే అంది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ల విషయంలో కలెక్టరు గారు సెషన్స్ జడ్జి గారిని సంప్రదించి ప్యానెల్ తయారుచేయాలన్న నియమం ఇప్పటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టమైన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 18లోనూ ఉంది, అంతకుముందు చట్టంలోనూ ఉంది. ఆ సంప్రదింపు సంతకాల తంతు కాకూడదు. సివిల్ వైపు లాయర్లకూ అలాంటి వడపోతే ఉండాలి.

2. ప్రభుత్వం మారగానే అందర్నీ ఒకేసారి మార్చేసే ఆనవాయితీ ఆగాలి. 1990లో ఉత్తరప్రదేశ్‌లో జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందర్నీ ఒక్క సర్క్యులర్‌తో తీసేస్తే, ఇది ప్రజలకు సంబంధించిన బాధ్యత, ఇష్టారాజ్యంగా తీసేయడానికి వీల్లేదని అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ సర్క్యులర్ కొట్టేసింది. మార్చాల్సి వస్తే మార్చండి. కానీ కొత్తవాళ్లు కట్టలు తీసుకుని సంతకం పెట్టేదాకా పాతవాళ్లే హాజరవ్వాలి. ప్రతి కట్ట మీదా మా అయ్యగారు కుట్టించిన లాంటి తెల్ల కాగితం ఒకటి ఉండాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, సూది దారం చాలు.

3. కోర్టు నోటీసు అందిన పదిహేను రోజుల్లో పేరావైజ్ రిమార్కులు, రికార్డు నకళ్లతో సహా లాయరుకు చేరాలి. ప్రతి శాఖలో దీనికి పేరు పెట్టి ఒక అధికారిని నియమించండి. రాకపోతే లాయరు గారు రాతపూర్వకంగా కలెక్టరు గారికి చెప్పాలి. "ఆఫీసు పంపలేదు", "లాయరు వేయలేదు" అని ఒకరి మీద ఒకరు చెప్పుకునే వీలు ఇక ఉండకూడదు. ఈ ఒక్కటి చేసినా మిగతావి సగం తీరిపోతాయి.

4. పార్కులు, చెరువులు, రోడ్లు, శ్మశానాలు, గెడ్డలు, ప్రభుత్వ భూములకు సంబంధించిన కేసుల పట్టిక ప్రతి నెలా కలెక్టరేట్ నోటీసు బోర్డులో, వార్డు సచివాలయాల్లో పెట్టండి. కేసు నంబరు, వాయిదా తేదీ, కౌంటరు వేశారా లేదా. ఇందులో దాచాల్సింది ఏమీ లేదు. ప్రతి కేసుకూ కోర్టు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు తెలిసినవాడు ఫోన్‌లోనే చూసుకుంటున్నాడు. ఆ నంబరు తెలియక జనం చూడలేకపోతున్నారు, అంతే. పార్కు కోసం వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదనీ, చుట్టుపక్కల ఉండేవాళ్లకు వచ్చి అడిగే హక్కుందనీ బెంగళూరు కేసులో 1991లోనే తేలింది. అడిగే హక్కున్నవాళ్లకు కేసు ఉన్న సంగతయినా తెలియాలి కదా.

5. ప్రభుత్వ లాయర్ల ఫీజు బిల్లులు మూడు నెలల్లో చెల్లించండి. స్టెనోని, కంప్యూటర్‌ని ఇవ్వండి.

6. శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లే ప్రతినిధికి రాజీ కుదుర్చుకునే అధికారం రాతపూర్వకంగా ఇచ్చి పంపండి.

7. మా పార్కు కేసులో వచ్చే వాయిదాకు కౌంటరు వేయండి. గిఫ్ట్ డీడు సర్టిఫైడ్ కాపీ, ఆమోదించిన లేఅవుట్ ప్లాను, కాలవ ఫొటోలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. వీలైతే కోర్టు నియమించే అడ్వొకేట్ కమిషనర్‌తో స్థలం కొలిపించమని పిటిషన్ కూడా వేయండి. కమిషనర్ గారు వస్తే టేపు పట్టుకోవడానికి మనుషులు మేమిస్తాం. కేసు నంబరు, మా అర్జీల రసీదు నంబర్లు సంబంధిత కార్యాలయానికి మళ్లీ విడిగా పంపుతున్నాం.

మిగతా కాలనీల సంఘాలకూ ఒక మాట. మీ లేఅవుట్ ఖాళీ స్థలం గిఫ్ట్ డీడు నకలు ఇప్పుడే తీసిపెట్టుకోండి. ఎవరైనా దావా వేయబోతున్నారని తెలిస్తే ఆ స్థలం చేతిలో ఉన్న ఆఫీసుకు రాసి, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148ఎ కింద కేవియట్, అంటే ముందస్తు అర్జీ వేయించండి. అది తొంభై రోజులు పనిచేస్తుంది, వాళ్లకు చెప్పకుండా ఆర్డరు రాదు. మాకు ఆ సంగతి గోడ లేచేదాకా తెలియలేదు. నాకు తెలిసి ఉండాల్సింది, ఇరవై ఆరేళ్లు అదే పనిలో ఉన్నాను. సొంత వీధి కేసు వస్తుందని ఊహించలేదు.

వచ్చే వాయిదా ఈ నెలాఖరు సోమవారం. పదిన్నరకు కాల్ వర్క్ మొదలయ్యేసరికి మా కాలనీ నుంచి పన్నెండు మందిమి కోర్టు హాలు బయట ఉంటాం. చివరి వీధి కోడలు కూడా వస్తానంది, ఆ పూట మామగారి దగ్గర పక్కింటివాళ్లు కూర్చుంటారు. ఆ రోజు కౌంటరు దాఖలు చేసి, ఒక కాపీ మాకు ఇప్పించండి.

ఇట్లు,
ఒక మాజీ వకీలు గుమస్తా,
కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి,
విశాఖపట్నం